మొండిసూదిని వెనక్కి పిలిచిన నెల

జూన్ 1, సోమవారం

పొద్దున పదింటికి మీటింగ్. కొత్తగా వచ్చిన పెద్దాయన గోడ మీద ఒక జాబితా వేశాడు. ఆయన నాకంటే పన్నెండేళ్ళు చిన్నవాడు, అయినా అంతస్తంతా పెద్దాయన అనే అంటుంది, నేనూ అలవాటుపడ్డాను. జాబితాలో వంద పేర్లు. అందరూ కంప్యూటర్ మీద గేములు ఆడేవాళ్ళు. టీవీకి తగిలించి ఆడే మన కన్సోల్‌ని "ఆ డబ్బా" అని తప్ప పేరు పెట్టి పిలవని వాళ్ళు.

"వీళ్ళు వంద మంది తిడితే లక్ష మంది తిడుతున్నారు. వీళ్ళొస్తే ఆ లక్షా వెనకాలే వస్తుంది," అన్నాడు.

తిట్టరా మరి? ఆరేళ్ళ క్రితం కంప్యూటర్లో నడిచే మా గేములన్నీ ఒక్క పూటలో మూసేశాం. ఆడాలంటే మా డబ్బా కొనుక్కోండి అన్నాం. వాళ్ళు కొనలేదు. ఇప్పుడు మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కాలట. చేతులు కాలాక ఆకులు.

జాబితాలో మొదటి పేరు మొండిసూది. "ఎవరో టైలరట, యాభై దాటిన ఆవిడట," అని ఒకడు చెప్పగానే గది గదంతా నవ్వింది. పెద్దాయన నావైపు తిరిగాడు. "మేడమ్, ఈవిడ మీ వాటా. మాటల్లో మిమ్మల్ని మించినవాళ్ళు లేరు కదా."

సరేనన్నాను. ఆవిడ మా అక్క అని చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

జూన్ 2

గేములాడేవాళ్ళు రాసుకునే ఫోరంలో అక్క మొండిసూది పేరుతో రాసినవన్నీ చదివాను. పని కోసమే.

జూన్ 4, గురువారం

మొన్న రాసింది అబద్ధం. మొండిసూది రాసే ప్రతి ముక్కా ఆరేళ్ళుగా చదువుతూనే ఉన్నాను. ఆవిడకి ఫిబ్రవరిలో నడుం పట్టేసిన సంగతి, షాపుకి కొత్త మిషను వచ్చిన సంగతి, అన్నీ అక్కడే తెలిశాయి. సొంత అక్క నడుంనొప్పి గురించి ఊరూపేరూ తెలియని మూడు వేల మందితో పాటు తెలుసుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"రేవు" అని మా గేము ఒకటుండేది. మొదలుపెట్టేటప్పుడు ఉత్త సముద్రపు ఒడ్డు ఇస్తారు. ఇళ్ళు, వీధులు, పడవలు, చెట్లు మనమే పెట్టుకోవాలి. తొందరపడితే ఏమీ కాదు, ఏళ్ళు పడుతుంది. అక్క ఊరికి తొమ్మిదేళ్ళు. అమ్మకి కాళ్ళు కదలకుండా అయిపోయిన ఏడాది, అక్క కీబోర్డు తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టేది. అమ్మ ఒక్క వేలితో బాణం గుర్తు నొక్కుకుంటూ ఆ ఊళ్ళో నడిచేది. మంచం మీద ఉన్న మనిషి రోజూ గంటసేపు నడిచేది! "ఈ వీధి నాది. మీరిద్దరూ వేలు పెట్టకండి," అని ఒక వీధి మొత్తం తనే కట్టుకుంది. అందులో కంచె ఒకటి వంకరగా పెట్టింది. నేను వెళ్ళినప్పుడల్లా దాన్ని చక్కగా నిలబెట్టేదాన్ని. మర్నాటికి మళ్ళీ వంకర. "అంతా చక్కగా ఉంటే చూడ్డానికేముందే?" అనేది.

అమ్మ పోయింది. వీధి ఉంది. అక్క రోజూ షాపు కట్టేశాక ఆ వీధిలో పావుగంట నడిచి అప్పుడు స్నానానికి వెళ్ళేది.

మూసేస్తున్నారని నాకు పదహారు రోజుల ముందు తెలిసింది. బయట చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను. ఆ పదహారు రోజులూ నేనున్నది అక్క ఇంట్లోనే, నేనుండే గదిలో నీళ్ళ గొట్టాలు పగిలితే. అక్క వడ్డిస్తే తిన్నాను. అక్క నడుస్తుంటే పక్కన కూర్చుని చూశాను. ఒక్క మాట అని ఉంటే కనీసం వీడియో తీసుకుని దాచుకునేది. అనలేదు.

పదిహేడో రోజు "ఈ సేవ ముగిసింది" అని వచ్చింది. అక్క వైరు ఊడిందనుకుని బల్ల కిందికి దూరింది. "వైరు కాదక్కా," అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో గాని, బల్ల కిందనుంచే అడిగింది, "నీకెప్పట్నుంచి తెలుసు?"

అప్పుడైనా అబద్ధం చెప్పాల్సింది. సరిగ్గా చెప్పకూడనప్పుడే నాకు నిజం వస్తుంది.

ఆ సాయంత్రం నా బట్టలన్నీ ఇస్త్రీ చేసి, మడతపెట్టి, సంచిలో సర్ది గుమ్మం దగ్గర పెట్టింది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

జూన్ 5

మొండిసూదికి కంపెనీ తరపున ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. "ప్రియమైన" దగ్గర ఆగిపోయింది.

జూన్ 8, సోమవారం

గేములు నడిపే యంత్రాలు చూసుకునే సర్వర్ బాబాయి కిందికి రమ్మన్నాడు. నేల కింద అంతస్తులో ఎండాకాలం కూడా స్వెట్టర్ వేసుకుని తిరిగే మనిషి ఆయనొక్కడే. యంత్రాలకి చల్లదనం కావాలి, ఆయనకి వెచ్చదనం కావాలి, ముప్పై ఏళ్ళ కాపురం అలాగే నడుస్తోంది.

"తల్లీ, రేవు ఊళ్ళన్నీ ఉన్నాయి," అన్నాడు.

"చెరిపేయమన్నారు కదా బాబాయ్?"

"చెరిపేయమని వాళ్ళు రాశారు. సరేనని నేను రాశాను. రాయడం వేరు, చెరపడం వేరు."

రెండు వేల నూట నలభై ఊళ్ళు. అక్క ఊరు తెరవమన్నాను. తెరిస్తే, పాడుబడి ఉంది. యజమాని రాని ఊరికి రంగులు వెలిసి గడ్డి మొలిచేటట్టు ఆ గేము తయారుచేసింది మేమే. బాబాయి మళ్ళీ నడిపించగానే ఆరేళ్ళ పాడు ఒక్కసారిగా మీద పడింది. దీపాలు లేవు. అమ్మ వీధిలో గడ్డి మోకాలెత్తు.

చూడలేకపోయాను. మా సిబ్బందికి మాత్రమే ఉండే "అంతా బాగుచేయి" అనే బటను నొక్కాను. రెప్పపాటులో ఊరంతా నిన్న కట్టినట్టయింది. ఏడుపొచ్చింది. అన్ని ఊళ్ళకీ అలాగే నొక్కేయమన్నాను.

"అన్నిటికీనా? అడగకుండానా?" అన్నాడు బాబాయి.

"బాగుచేస్తానంటే ఎవరొద్దంటారు బాబాయ్?"

అమ్మ వీధిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాను. ఏదో వెలితిగానే ఉంది. ఆరేళ్ళయింది కదా, నాకే గుర్తులేక అయ్యుంటుంది.

జూన్ 9

ఎవరి ఊరి ఫొటో వాళ్ళకి పంపించాం. కింద "మీ ఊరు మీకోసం ఎదురుచూస్తోంది" అన్న వాక్యం నాదే. పెద్దాయన చప్పట్లు కొట్టించాడు. అక్క ఈపాటికి చూసుంటుంది.

చూసుంటుంది.

జూన్ 10, బుధవారం

కొంప మునిగింది.

ఫోరంలో రిటైరైన లారీ డ్రైవరొకాయన: "నా రేవులో మునిగిపోయిన పడవని తేల్చిన మహానుభావులెవరు? దాన్ని సరిగ్గా ముంచడానికి నాకు నెల పట్టింది."

నర్సు ఒకావిడ: "నేను పాడుబడ్డ ఇల్లు కావాలనే పెట్టుకున్నాను. అది మా నాన్న ఇల్లు. దానికి సున్నాలు కొట్టి పంపారు. ఇది నా ఊరు కాదు, మీ దగ్గరే ఉంచుకోండి."

ఒకరా ఇద్దరా. మధ్యాహ్నానికి ఆరొందలు. పుండు మీద కారం జల్లి, ఎలా ఉందని అడిగినట్టయింది మా పని.

మూడింటికి మొండిసూది రాసింది. "అతుకు వేసిన గుడ్డ ఇస్తే, అతుకు ఊడదీసి కొత్తగుడ్డ కుట్టిచ్చారు. దాన్ని బాగుచేయడం అనరు. నా వృత్తిలో దానికి వేరే పేరుంది, ఇక్కడ రాయను. ఆ అతుకు వేసిన చెయ్యి ఇప్పుడు లేదు."

ఫొటో మళ్ళీ తెరిచాను. అమ్మ కంచె ఈటెలా నిలబడి ఉంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ నేను చేయాలని చూసి చేయలేకపోయిన పని, ఒక్క బటనుతో అయిపోయింది. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

జూన్ 11, గురువారం

కంపెనీ ఖాతాకి విడిగా ఒక సందేశం వచ్చింది. మొండిసూది నుంచి.

"ఆ కంచె చక్కగా నిలబెట్టే పిచ్చి ఈ భూమ్మీద ఒక్కదానికే ఉంది. నువ్వేనా?"

పదకొండుసార్లు రాసి చెరిపాను. క్షమించమని రాశాను, చెరిపాను. నడుం ఎలా ఉందని రాశాను, అదీ చెరిపాను. చివరికి "నేనే" అని పంపాను.

గంట తర్వాత: "ఎప్పట్లా పెట్టు."

అంతే. రెండు ముక్కలు. ఆరేళ్ళకి.

ఎప్పట్లా పెట్టు. కంచెనే అంది. కంచె గురించే.

జూన్ 15, సోమవారం

బాబాయి మూడు రోజులు ఇంటికెళ్ళకుండా కూర్చుని ఊళ్ళన్నిటినీ మూసిన నాడు ఎలా ఉన్నాయో అలా నిలబెట్టాడు. గడ్డి లేదు, కొత్త సున్నమూ లేదు. మునిగిన పడవలు మళ్ళీ మునిగాయి. కొత్త ఫొటోలు అందరికీ పంపాం.

క్షమాపణ నేనే రాశాను. "సాంకేతిక కారణాల వల్ల" అని పెట్టమన్నాడు పెద్దాయన. వద్దన్నాను. "బటను నొక్కింది నేను. మిమ్మల్ని అడగకుండా నొక్కాను. ఊరు మీది అన్న సంగతి మర్చిపోయాను," అని రాశాను. ఆయన తల గోక్కుని సరేనన్నాడు.

నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్లేదు. సాయంత్రానికి గాలి మారింది. లారీ ఆయన "నా పడవ నాకు దొరికింది. సరే, చూద్దాం" అని రాశాడు. ఆయన దగ్గర "చూద్దాం" అంటే చాలా పెద్ద మాట. నర్సమ్మ ఇంకా తిడుతోంది గాని, ఇదివరకటి ఉప్పూకారం లేవు. అందరూ అడిగేది ఒకటే: "మొండిసూదిగారూ, మీరేమంటారు? మీరు వెళ్తే మేమూ వెళ్తాం."

మొండిసూది "కంచె చూశాను" అని మాత్రం రాసింది. దానర్థం అక్కడ ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

జూన్ 18, గురువారం

పెద్దాయన తలుపేసి నలుగురికే చెప్పాడు. కంప్యూటర్ వాళ్ళకి ఈ ఊళ్ళు పద్నాలుగు నెలలే. తర్వాత రేవు మళ్ళీ డబ్బా మీదికే వెళ్తుంది. ఈసారి ఊరు కళ్ళముందే ఉంటుంది కాబట్టి వదులుకోలేక వెనకాలే వచ్చి డబ్బా కొంటారు.

"ముందే చెప్తే?" అని అడిగాను.

"చెప్తే రారు కదా మేడమ్!" అన్నాడు. పాపం, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

కాగితం ముందుకు తోశాడు. బయట చెప్పనని.

జూన్ 19

సంతకం పెట్టాను.

జూన్ 20, శనివారం

పద్నాలుగు నెలలంటే తక్కువేం కాదు. ఈలోగా ఎన్నో జరగొచ్చు. పెద్దాయన మారొచ్చు, కంపెనీ బుద్ధి మారొచ్చు. అక్క పద్నాలుగు నెలలు హాయిగా అమ్మ వీధిలో నడుస్తుంది, అది మాత్రం తక్కువా? ఇప్పుడే చెప్పి ఆ హాయి కూడా చెడగొట్టడం ఎందుకు? సమయం చూసి చెప్పొచ్చు. పదమూడో నెలలో చెప్పొచ్చు.

ఇవే మాటలు ఆరేళ్ళ క్రితం కూడా అనుకున్నాను. అప్పుడు నెలలకి బదులు రోజులు.

సాయంత్రం సందేశం: "ఎల్లుండి మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉంటుంది."

జూన్ 22, సోమవారం

వెళ్ళాను.

షాపు అలాగే ఉంది. తలుపు దగ్గర దారపు ఉండల పెట్టె, గోడకి కాగితపు నమూనాలు. అక్క చిక్కింది. కళ్ళజోడు వచ్చింది. మెడలో టేపు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. ఎలా ఉన్నావని అడుగుతుందనుకున్నాను.

"ఆ చొక్కా ఎవడు కుట్టాడే? భుజం అంతా జారిపోయింది."

"కొన్నదక్కా."

"కొన్నట్టే ఉంది. రా, ఇలా నిలబడు."

నిలబడ్డాను. భుజం కొలిచింది, చీటీ మీద రాసుకుంది. ఈ మనిషి నన్ను ముట్టుకుని ఆరేళ్ళు. ఏమీ మాట్లాడకుండా ఉంటే ఇలాగే కొలతలు తీస్తూ ఉంటుంది, చొక్కా కుడుతుంది, వచ్చేవారం తీసుకెళ్ళమంటుంది. తీసుకోడానికి వస్తాను. మళ్ళీ వస్తూనే ఉంటాను. నోరు మూసుకుంటే చాలు.

"అమ్మ వీధిలో మళ్ళీ నడవాలనుంది," అంది, టేపు నా నడుం చుట్టూ తిప్పుతూ. "మిగతావాళ్ళ సంగతి నాకెందుకు గాని, నాకైతే ఉంది. వెళ్దామని రాసేస్తాను రేపు. అందరూ ప్రాణం తీస్తున్నారు."

"పద్నాలుగు నెలలే అక్కా."

టేపు ఆగింది.

"ఏంటి పద్నాలుగు నెలలు?"

చెప్పాను. మొత్తం చెప్పాను. నడుం చుట్టూ టేపు అలాగే ఉంది, వదల్లేదు, బిగించనూ లేదు.

"ఇది నాకు చెప్పకూడదు కదూ?"

"చెప్పకూడదు."

"సంతకం పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టి చెప్తున్నావా?"

"ఊఁ."

టేపు తీసేసి ముక్కాలిపీట మీద కూర్చుంది. చాలాసేపు కత్తెర తెరిచి మూసింది, తెరిచి మూసింది. "నేను వద్దంటే ఎందుకని అడుగుతారు. చెప్తే నీ ఉద్యోగం ఊడుతుంది. వెళ్దామంటే మూడువేల మందిని తీసుకెళ్ళి గోతిలో దింపినదాన్నవుతాను. అప్పుడు నువ్వు చెప్పలేదని ఏడ్చాను. ఇప్పుడు చెప్పావని ఏడవమంటావా?"

కస్టమరెవరో వచ్చారు. నేను వచ్చేశాను. అక్క గుమ్మం దాకా రాలేదు. చీటీ మీద నా భుజం కొలత ఒక్కటే ఉంది.

జూన్ 23

మొండిసూది ఏమీ రాయలేదు.

జూన్ 24

రాయలేదు. లారీ ఆయన "ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగాడు.

జూన్ 25

రాయలేదు. పెద్దాయన రెండుసార్లు నా బల్ల దగ్గరికొచ్చాడు. "మీ మొండిసూది కరిగిందా మేడమ్?" నేను ఆవిడ నెత్తిన ఏం పెట్టొచ్చానో ఇప్పుడర్థమవుతోంది. నిజం చెప్పేశాననుకున్నాను. నా బరువు దింపుకుని ఆవిడకెత్తాను, అంతే.

జూన్ 26, శుక్రవారం

మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను. సందేశం కాదు, ఫోను. నంబరు మార్చలేదు అక్క. నేనూ మార్చలేదు, ఎందుకో ఇప్పుడు రాయొచ్చు: చేస్తుందేమోనని.

మెట్ల దగ్గరికి పరుగెత్తాను.

"తిన్నావా?" అంది.

"ఇంకా లేదు."

"నాకూ దిగడం లేదు." వెనకాల మిషను చప్పుడు లేదు. "నర్సమ్మ రోజూ అడుగుతోందే. నాన్న ఇంటికి వెళ్ళొచ్చా, వెళ్ళొచ్చా అని. నోటిదాకా వస్తోంది. నీ మొహం గుర్తొచ్చి మింగుతున్నాను. నాలుగు రోజులే అయింది. నాలుగు రోజులకే ఇలా ఉంటే, నువ్వు పదహారు రోజులు నా ఎదురుగా కూర్చుని ఎలా తిన్నావే?"

"దిగేది కాదక్కా. నువ్వు చూస్తున్నావని మింగేదాన్ని."

అక్క ఏడ్చింది. నేనూ. మెట్లెక్కుతున్న వాళ్ళెవరో పక్కకి తప్పుకుని వెళ్ళారు.

"సరే పో, తిను," అని పెట్టేసింది.

జూన్ 27, శనివారం

సర్వర్ బాబాయింటికి వెళ్ళాను. ఎవరి ఊరు వాళ్ళు సొంత కంప్యూటర్లోకి దించుకుని, మా సర్వర్‌తో పని లేకుండా ఉంచుకోవడం కుదురుతుందా అని అడిగాను.

"కుదరకేం? వారం పని."

"కంపెనీ ఒప్పుకుంటుందా?"

"అడగనిదే అమ్మైనా పెట్టదు. కానీ అడగాల్సింది నువ్వూ నేనూ కాదు తల్లీ. వాళ్ళు అడగాలి. అడగాలని వాళ్ళకి తెలియాలి."

నేను వచ్చేసేటప్పుడు "నీ బల్ల మీద సొంత సామాను ఏమైనా ఉంటే ముందే తెచ్చేసుకో," అన్నాడు.

జూన్ 29, సోమవారం

ఇది బస్‌స్టాపులో కూర్చుని రాస్తున్నాను. వరసగా రాయాలి, లేకపోతే కలగాపులగమైపోతుంది.

పదీ ఇరవైకి కంపెనీ ఖాతాలోంచి పెట్టాను. "మీ ఊళ్ళు మీకు పద్నాలుగు నెలలే ఉంటాయి. ఆ తర్వాత మా కన్సోల్ మీదికి వెళ్ళిపోతాయి. మీకు చెప్పకూడదని నిర్ణయించారు. నేనూ సంతకం పెట్టాను. ఊరిని మీ సొంత కంప్యూటర్లోకి దించుకునే వీలు కుదురుతుంది, అది ఇస్తేనే వస్తామనండి. అది ఇచ్చేదాకా రాకండి." కింద నా పేరు పెట్టాను. అక్కని సలహా అడగలేదు. అడిగితే వద్దనేది. ఈ ఒక్కటీ ఆవిడ మోయకూడదు.

పదకొండుకి నా కంప్యూటర్ ఆగిపోయింది. పదకొండుంపావుకి పెద్దాయన వచ్చాడు. అరవలేదు. "ఎందుకు చేశారు మేడమ్? వాళ్ళు వచ్చేసేవాళ్ళే కదా," అన్నాడు. ఆయన గొంతు కూడా బాగాలేదు. కార్డు మెళ్ళోంచి తీసి కింద కౌంటర్లో ఇచ్చేశాను. బల్ల మీద సామాను ఏమీ లేదు, శనివారమే తెచ్చేసుకున్నాను.

ఇక్కడికొచ్చి ఫోన్లో ఫోరం తెరిచాను. ఒక్కళ్ళూ నమ్మలేదు. ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు.

"కంపెనీ ఖాతాలోంచి కంపెనీని తిట్టడమా? మన చెవుల్లో ఎన్ని పువ్వులు కనపడుతున్నాయి వీళ్ళకి?"

"మొన్న కన్నీళ్ళ క్షమాపణ, ఇవాళ త్యాగం. రేపు ఈవిడనే వెనక్కి తెచ్చామని ఇంకో కథ."

లారీ ఆయన: "నేను ఇంకో రెండు రోజుల్లో చేరిపోయేవాణ్ణి. ఇప్పుడు ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. నాటకమైతే మాత్రం బాగా ఆడారు."

నర్సమ్మ: "ఆ పేరుతో అక్కడ అసలు మనిషి ఉందా?"

నవ్వొచ్చింది. ఉద్యోగం పోయింది, ఒక్క నిజం చెప్పాను, అది కూడా ఎవరికీ అక్కర్లేకపోయింది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి. మూడోది రాబోతోంది. ఏ బస్సెక్కాలో, ఎక్కడికెళ్ళాలో తోచక ఊరికే ఫోను కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాను.

పన్నెండూ నలభైకి మొండిసూది వచ్చింది. వారం తర్వాత మొదటిసారి.

"నాటకం కాదు. ప్రతి అక్షరమూ నిజం. రాసింది మా చెల్లెలు."